మణికట్టు మీద రెండు వేళ్ళు

బల్లని మూడోసారి తుడుస్తున్నాడు చిన్నకన్ను. మొదట తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో, ఆఖర్న ఒట్టి అరచేత్తో. అరచేతికి ఏమీ తగలకపోతేనే బల్ల శుభ్రమైనట్టు. కంటికి ఆనని ఇసుక రేణువు ఒక్కటి కాగితం కింద చేరినా చదివే వేలికి అదీ ఒక చుక్కే అవుతుంది.

చూపు లేనివాళ్ళ కోసం బ్రెయిలీ పుస్తకాలు తయారుచేసే చోటు అది. కింది అంతస్తులో మిషన్లు దళసరి కాగితాన్ని చుక్కలు చుక్కలుగా పొడుస్తూ ఉంటాయి. ఆ టకటకలు మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఎక్కడో దూరాన పెంకుల మీద వాన పడుతున్నట్టు మెత్తబడతాయి. పైన పొడుగాటి గది, నాలుగు బల్లలు, బల్లకి ఇద్దరు. ఒకరు చూపు లేనివారు. చుక్కల మీద కుడిచేతి వేలు జరుపుతూ పైకి చదువుతారు. వారిని అక్కడ ‘వేలు’ అంటారు. రెండోవారు పక్కనే కూర్చుని, మామూలు అచ్చుపుస్తకంలో అదే వాక్యం కింద స్కేలు జరుపుతూ సరిచూస్తారు. వారు ‘కన్ను’.

చదివినదానికీ అచ్చులో ఉన్నదానికీ తేడా వస్తే కన్ను నోరు తెరవకూడదు. ఒకే గదిలో నలుగురు చదువుతుంటే ఇంకో నలుగురు మాట్లాడితే సంత అయిపోతుంది. అందుకని చదివేవారి ఎడమ మణికట్టు మీద కన్ను రెండు వేళ్ళు ఆనించి ఉంచుతుంది. తేడా వస్తే ఒక్క నొక్కు. చదువు ఆగుతుంది. పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాక మెల్లగా ఒక తట్టు. చదువు సాగుతుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు నేర్పేది మాత్రం ఇదే.

కన్నులందరిలోకీ చిన్నవాడు కాబట్టి అతను చిన్నకన్ను. అతని పక్కన కూర్చునేది అందరిలోకీ పెద్దాయన, పెద్దవేలు. ఆయన్ని చిన్నకన్ను మాస్టారూ అంటాడు. ఏడేళ్ళుగా ఇద్దరిదీ కిటికీ పక్క బల్లే.

ఆ బుధవారం వాళ్ళు చదువుతున్నది బడిపిల్లల కోసం మేఘాల గురించి రాసిన పుస్తకం. పొద్దున ఎండ బల్ల మీదికి వచ్చి, పెద్దవేలు చేతివేళ్ళ దాకా పాకి, అక్కడే ఆగిపోయినట్టుంది. ఆయన గొంతు ఎత్తూ పల్లమూ లేకుండా, నిండుగా పారే కాలువలా సాగుతోంది. ఆ గొంతు వింటూ ఉంటే చిన్నకన్ను సగం మెలకువలో సగం ఇంకెక్కడో ఉంటాడు. కళ్ళు స్కేలు వెంట పోతూనే ఉంటాయి, వేళ్ళు మణికట్టు మీద కాపలా కాస్తూనే ఉంటాయి, లోపల ఎక్కడో మర్నాడు పొద్దున్నే తను రాయబోయే వాక్యాలు వాటంతటవే వచ్చి వరుసలో నిలబడతాయి. వాటికి కూడా పెద్దవేలు గొంతే ఉంటుంది.

పేజీ తిప్పుతూ పెద్దవేలు ఆగాడు.

“మేఘం దూదిలా ఉంటుందని రాశాడు. నిజమేనంటావా కన్నూ?”

“తడిసిన దూది మాస్టారూ.”

“అలా చెప్పు. పొడిదూదైతే వాన ఎక్కణ్ణుంచి వస్తుందీ అని ఇందాకట్నుంచీ చూస్తున్నాను.”

టీ వేళకి కింద మిషన్ నడిపే ఆయన పైకి వచ్చాడు. ఎనిమిది కప్పులున్న ట్రే పక్కన ఒక పుస్తకం పెట్టాడు, వెనక అట్ట పైకి కనబడేలా. దాని మీద చిన్నకన్ను ఫొటో ఉంది. పేరు మాత్రం వేరే. మొదటి రెండు పుస్తకాల మీదా ఫొటో లేదు. ఈ మూడోదానికి వేస్తామని ప్రచురణకర్త పట్టుబడితే, ఎవరు చూస్తార్లే అని ఒప్పుకున్నాడు.

“మన చిన్నకన్ను మామూలోడు కాదర్రా, నవలలు రాస్తాడు,” అన్నాడు మిషన్ ఆయన. కాగితం ముక్క పెట్టుకున్న చోట తెరిచి, సినిమాలో మాట్లాడినట్టు గొంతు పెట్టి చదివాడు. ఒక దర్జీ, ఒక వంతెన కాపలాదారు. కాపలాదారు చొక్కా కుట్టించుకోవడానికి వచ్చాడు. దర్జీ అతని మణికట్టు చుట్టూ టేపు తిప్పాడు, కొలత చూశాడు గానీ పుస్తకంలో రాసుకోలేదు. మర్చిపోతారేమో అన్నాడు కాపలాదారు. మర్చిపోతే మళ్ళీ కొలుస్తాను అన్నాడు దర్జీ.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పట్టుకుని మిగతావాళ్ళూ నవ్వారు.

“ఎంత వెతికినా హీరోయిన్ దొరకలేదు. పేజీలేమన్నా ఊడిపోయాయా రచయితగారూ?” అన్నాడు మిషన్ ఆయన.

చిన్నకన్ను కప్పు కింద పెట్టాడు.

“ఊడలేదు. మొదటినుంచీ లేదు,” అన్నాడు.

నవ్వు ఎలా మొదలైందో అలాగే ఆగిపోయింది. కప్పులు ట్రేలో పెడుతున్న చప్పుడు ఒక్కటే. ఏం పుస్తకం, ఏమిటి సంగతి అని పెద్దవేలు అడిగాడు. పక్కబల్ల ఆవిడ వంగి ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన ముఖం ఎప్పటిలాగే ఉంది. టీ మాత్రం సగం తాగి వదిలేశాడు.

మర్నాడు ట్రేలో ఏడు కప్పులే ఉన్నాయి. ఎనిమిదోది కిటికీ గట్టు మీద ఉంది. పొరపాటున కూడా ఇంకొకరి చేతికి రాకుండా దాని పిడికి ఎర్రదారం చుట్టి ఉంది. ముడి శ్రద్ధగా వేశారు. చూపు లేనివాళ్ళకి కూడా తగిలితే తెలిసేటట్టు రెండు చుట్లు చుట్టారు. చిన్నకన్ను ఆ ముడి కేసి చాలాసేపు చూసి, టీ తాగకుండానే తన బల్ల దగ్గరికి వచ్చేశాడు.

మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు. మంచినీళ్ళు ఇచ్చి కూర్చోమన్నాడు. తనకేమీ పట్టింపు లేదన్నాడు, ఎవరి ఇష్టాలు వారివన్నాడు, తనూ నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణేనన్నాడు. కానీ ఇక్కడి పని వేరట. రోజంతా మనిషి మీద చెయ్యి వేసి కూర్చునే పని. ఇంత తెలిశాక మిగతావాళ్ళు ఏమనుకుంటారు, విరాళాలు ఇచ్చేవాళ్ళు ఏమనుకుంటారు అని వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయాడు.

“మాస్టారు ఏమన్నా అన్నారా?” అని అడిగాడు చిన్నకన్ను. అతనికి తెలియాల్సింది అదొక్కటే.

“అడిగాను. నువ్వు లేనప్పుడు అందరి ముందే అడిగాను. అతను చెయ్యి వేస్తుంటే మీకు ఇబ్బందిగా ఉందా అని. ఆయన నోరు మెదపలేదు. పెద్దమనిషి, పైకి ఎలా చెప్తాడయ్యా? మనమే అర్థం చేసుకోవాలి.”

సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. టైపు చేసిన రెండే వాక్యాలు. ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకునే ఇలాంటి కథలు ఇకమీదట ఏ పేరుతోనూ రాయను. రాసినవి మళ్ళీ అచ్చు వేయించను. కింద సంతకానికి గీత. సోమవారం పొద్దున సంతకం చేసి తెస్తే నీ బల్ల నీది అన్నాడు. తేకపోతే నెలాఖరుతో సరి, ఏడాది ఏడాదికీ ఇచ్చే ఉద్యోగ ఉత్తర్వు ఈసారి ఇవ్వరు. అప్పటిదాకా స్టోరులో కూర్చోవాలి.

“సంతకమే కదా,” అన్నాడు మేనేజరు, అతను లేచి వెళ్తుంటే. ఆ గొంతులో నిజంగానే జాలి ఉంది.

స్టోరుకీ చదివే గదికీ మధ్య అద్దం ఉంది. శుక్రవారమంతా చిన్నకన్ను పాడైన చుక్కల కాగితాలు కట్టలు కడుతూ అద్దంలోంచి చూశాడు. మేనేజరు కొత్త పద్ధతి పెట్టాడు. ఎవరూ ఎవరి మీదా చెయ్యి వేయకూడదు. ప్రతి బల్ల మీదా హోటల్ కౌంటర్లో ఉండేలాంటి చిన్న గంట. తేడా వస్తే కన్ను గంట కొట్టాలి. తీరా ఒక బల్ల మీద గంట మోగితే ఎవరి గంటో తెలియక నాలుగు వేళ్ళూ ఒక్కసారి ఆగిపోయేవి. మళ్ళీ నాలుగూ ఒక్కసారి మొదలయ్యేవి. ఒకావిడ, నాదా, నాదా అని మాటిమాటికీ అడుగుతోంది. పెద్దవేలు పక్కన కూర్చోవడానికి మనిషి లేక మేనేజరే కన్నుగా కూర్చున్నాడు. మేఘాల పుస్తకం పావుగంట వినేసరికి కునికిపాట్లతో మేనేజరు గడ్డం ఛాతీకి ఆనింది. పెద్దవేలు ఆగకుండా చదువుకుంటూ పోయాడు. ఒప్పో తప్పో చెప్పే దిక్కు లేదు.

చిన్నకన్నుకి నవ్వు రావాలి. రాలేదు. అతను చూస్తున్నది పెద్దవేలు ఎడమచేతిని. అది బల్ల మీద ఎప్పుడూ ఉండే చోటే వెల్లకిలా పడి ఉంది. మధ్యమధ్య పేజీ మారేచోట ఆ చెయ్యి కొంచెం పక్కకి జరిగేది. ఏమీ తగలక మళ్ళీ వెనక్కి వచ్చేది.

ఇబ్బందే అయితే ఆ చెయ్యి అలా ఎందుకు జరుగుతుంది? ఇబ్బంది కాకపోతే ఆయన నోరు ఎందుకు మెదపలేదు? ఈ రెండు ప్రశ్నల మధ్యా కట్టలు కడుతూ పొద్దు గడిపాడు.

సాయంత్రం అందరూ వెళ్తుంటే పెద్దవేలు కర్ర చప్పుడు స్టోరు గుమ్మం దగ్గర ఆగింది. చిన్నకన్ను ఊపిరి బిగబట్టాడు. ఆయన తల ఒక పక్కకి వంచి నిలబడ్డాడు. ఆయనకి గదిలో మనిషి ఉన్నదీ లేనిదీ ఊపిరిని బట్టి కాదు, గాలిని బట్టే తెలుస్తుంది. ఆయన ఒక్క మాట అంటే చాలు. కర్ర మళ్ళీ కదిలింది. ఒక్కొక్క మెట్టూ దిగి, కిందికి వెళ్ళిపోయింది.

ఇంట్లో అక్క, అతనూ ఇద్దరే. అక్క ఒక క్లినిక్‌లో చీటీలు రాస్తుంది. వంటింటి అరల్లో వేసేది తమ్ముడు తెచ్చే చుక్కల కాగితాలే. దళసరివి, నూనె పడినా చిరగవు. డబ్బాల కింద, సీసాల కింద, పళ్ళేల కింద ఎవరూ చదవని పేజీలు పరుచుకుని ఉంటాయి. అతని మూడు నవలలూ ఆమె బీరువాలో దుప్పట్ల కింద ఉంటాయి. ఎప్పుడూ చదవలేదు. పారేయనూ లేదు. తమ్ముడి పెళ్ళి మాట ఎత్తడం మానేసి మూడేళ్ళయింది. ఎందుకు మానేసిందో ఇద్దరిలో ఎవరూ పైకి అనుకోలేదు.

కాగితం గురువారమే ఆమెకి చూపించాడు. నిలబడే రెండుసార్లు చదివింది.

“పెట్టెయ్యరా. సంతకం పెడితే చెయ్యేం అరిగిపోదు,” అంది.

“రాయనని పెట్టమంటున్నారక్కా.”

“పెట్టి, రాసుకో. ఎవరికీ కనపడకుండా రాసుకో. ఇన్నాళ్ళూ నేను చూసీ చూడనట్టు లేనా?”

ఆమెకి ఆ మాట అన్నాక ఏదోలా అయినట్టుంది. కాగితాన్ని బల్ల మీద సాపుచేసి, దాని మీద చక్కెర డబ్బా బరువు పెట్టి, వెళ్ళి కుళాయి తిప్పింది.

శుక్రవారం ఆమె ఆలస్యంగా వచ్చింది. క్లినిక్‌లో జనం అంది. శనివారం ఇంకా ఆలస్యం. ఆదివారం మధ్యాహ్నం కూడా చెప్పులు వేసుకుంటుంటే అడిగాడు, ఆదివారం కూడానా అని.

“జ్వరాలకి ఆదివారాలు తెలుస్తాయా?” అని వెళ్ళిపోయింది. చీకటిపడే వేళకి వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ళు కాచుకుని గుటక గుటకగా తాగింది. తన గురించే ఏడ్చి ఉంటుందనుకున్నాడు చిన్నకన్ను. అతని మనసు మరింత కుంగింది.

ఆ ఆదివారమంతా అతను రాయడానికి కూర్చున్నాడు. బాల్కనీలో ఆరేసిన దుప్పటి గాలికి లేచి పడుతోంది. దాని వెనక వెలుగు, మళ్ళీ నీడ, మళ్ళీ వెలుగు. వాక్యాలు వస్తున్నాయి గానీ వాటికి గొంతు లేదు. అద్దం అవతల పెదవులు కదులుతున్నట్టుంది. ఏడేళ్ళుగా తను రాసిన ప్రతి మాటా ముందు ఎవరి నోట వినేవాడో ఇప్పుడు తెలిసింది. ఆ బల్ల పోతే రాత కూడా పోతుంది. రాత వదిలేస్తే బల్ల ఉంటుంది. ఉన్నా ఆ పక్కన కూర్చునే పెద్దాయనకి తన చెయ్యి ఇబ్బంది.

చక్కెర డబ్బా పక్కకి జరిపి పెన్ను తెరిచాడు. గీత మీద ఆనించాడు. అక్షరం కదల్లేదు. చాలాసేపటికి పెన్ను ఎత్తేసరికి కాగితం మీద ఒక్క నల్లచుక్క మిగిలింది.

సోమవారం పొద్దున అక్క పాలకని వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆమె ఒక చేతిలో పాలగిన్నె ఉంది. రెండో మోచెయ్యి పట్టుకుని పెద్దవేలు ఉన్నాడు. భుజానికి గుడ్డసంచీ. బస్సులో వచ్చినట్టున్నాడు, చొక్కా నలిగి ఉంది.

చిన్నకన్ను లేచి నిలబడ్డాడు. అక్క ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టిన తీరు చూస్తే ఇది మొదటిసారి కలవడం కాదని తెలుస్తోంది. ఆయన చేతులు బల్ల అంచు వెంట జరిగి, పొడుగూ వెడల్పూ చూసుకున్నాయి.

“బల్ల తుడిచావా?” అన్నాడు.

చిన్నకన్ను తుడిచాడు. తడిగుడ్డతో, పొడిగుడ్డతో, అరచేత్తో. పెద్దవేలు సంచీలోంచి దళసరి కాగితాల బొత్తి తీశాడు. మిషన్ మీద కొట్టినవి కావు. ఇంట్లో పలక మీద కాగితం బిగించి, సూదితో ఒక్కొక్క చుక్కా చేత్తో పొడిచినవి. కొన్నిచోట్ల సూది మరీ లోతుగా దిగి కాగితం చిల్లు పడింది.

అక్క బీరువాలోంచి అతని మూడో నవల తెచ్చి తెరిచి ఎదురుగా పెట్టింది. దుప్పట్ల కింద ఉండాల్సిన పుస్తకం. మొదటి అధ్యాయం చివర గుర్తుగా బస్సు టికెట్లు, మూడు రోజులవి. అతను తలెత్తి అక్క కేసి చూశాడు.

“నీ తరఫున మేనేజరుకి ఒక్క మాట చెప్పమని మాస్టారిని అడగడానికి వెళ్ళానురా,” అంది, ఇంకా పూర్తిగా తెరుచుకోని గొంతుతో. “ముందు నువ్వు నాకు పైకి చదివి వినిపించమ్మా, తర్వాత చూద్దాం అన్నారు. చదివాను. వింటూ ఆయన ఈ చుక్కలు పొడిచారు.”

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “దర్జీ మంచివాడు,” అంది.

పెద్దవేలు ఎడమచెయ్యి బల్ల మీద పెట్టాడు, వెల్లకిలా.

“కూర్చో కన్నూ. పని ఉంది.”

చిన్నకన్ను కూర్చున్నాడు. రెండు వేళ్ళు ఆ మణికట్టు మీద ఆనించాడు. చర్మం చల్లగా ఉంది. ఎడమచేత్తో స్కేలు మొదటి వాక్యం కింద పెట్టాడు.

చదువు మొదలైంది. వంతెన వచ్చింది, నది మీద పొగమంచు వచ్చింది, దర్జీ దుకాణంలో దీపం వచ్చింది. అన్నీ తను రాసినవే, అయినా ఎవరో ఎప్పుడో చూసి వచ్చి చెబుతున్నట్టున్నాయి. గొంతు కాలువలా పారుతోంది. వంటింట్లో పాలు కాగుతున్న వాసన. ఒకచోట ఒక మాట పడిపోయింది. నొక్కాడు. ఆగింది. గుర్తు పెట్టి తట్టాడు. సాగింది. ఏడేళ్ళలో ఒక్కరోజు కూడా మధ్యలో పోనట్టే ఉంది.

కాపలాదారు చెయ్యి చాపాడు. దర్జీ మణికట్టు చుట్టూ టేపు తిప్పాడు. కొలత రాసుకోలేదు. మర్చిపోతే మళ్ళీ కొలుస్తాను అన్నాడు. స్కేలు తర్వాతి వాక్యం కిందికి జరిగింది. గొంతు మాత్రం అక్కడికి రాలేదు. ఎత్తూ పల్లమూ లేకుండా, అదే వరుసలో, వేలు ఇంకేదో చదువుతోంది.

“హాస్టల్లో నా పక్కమంచం అతను, దీపాలు ఆర్పాక మాట్లాడకూడదు కాబట్టి, నా మణికట్టు మీద వేలితో చుక్కలు పెట్టి మాట్లాడేవాడు. వార్డెనుకి తెలిసింది. మీ ఇద్దరి మధ్యా ఏమిటని నన్ను అడిగాడు. నేను ఏమీ అనలేదు. మర్నాటికి పక్కమంచం ఖాళీ. నలభై ఏడేళ్ళయింది. మొన్న మళ్ళీ అడిగారు. మళ్ళీ ఏమీ అనలేదు.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ మాటలు పుస్తకంలో లేవని ఇప్పుడు ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

వేలు ఆఖరి చుక్క మీద ఆగి ఉంది. అచ్చులో లేనిది చదివితే నొక్కాలి. అదొక్కటే నియమం. ఏడేళ్ళలో చిన్నకన్ను ఒక్క తేడా కూడా వదల్లేదు. మణికట్టు కింద నరం గబగబా కొట్టుకుంటోంది. పెద్దవేలు తల ఒక పక్కకి వంచి ఎదురుచూస్తున్నాడు, శుక్రవారం స్టోరు గుమ్మం దగ్గర నిలబడ్డట్టే.

చిన్నకన్ను నొక్కలేదు. వేళ్ళు తీయనూ లేదు.

కొంతసేపటికి నరం నెమ్మదించింది. వేలు కింది వరుసలోకి దిగి కదిలింది. దర్జీ టేపు చుట్టి మెడలో వేసుకున్నాడు. స్కేలు ఆ వాక్యం కిందే ఉంది, ఇందాకట్నుంచీ అక్కడే ఎదురుచూస్తూ.

అధ్యాయం అయ్యాక పెద్దవేలు కాగితాలు అంచులు కలిపి పేర్చాడు.

“తప్పులెన్ని?” అన్నాడు.

“ఒక్క మాట పడిపోయింది మాస్టారూ. మిగతాదంతా సరిగ్గానే ఉంది.”

ఆయన తల ఊపాడు. కాగితాలు సంచీలో పెట్టుకోలేదు. బల్ల మీద అతని వైపుకి జరిపాడు.

అక్క పాలు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. ఒకేలాంటి రెండు గ్లాసులు. వాళ్ళు తాగుతుండగా చక్కెర డబ్బా ఎత్తి, దాని కింద ఉన్న మేనేజరు కాగితం తీసింది. గీత మీద ఒంటి చుక్క కేసి ఒకసారి చూసింది. దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి, పై అరలో డబ్బాలు పక్కకి జరిపి, పాత చుక్కల కాగితం చాలని చోట పరిచి, మూలలు అరచేత్తో సాపుచేసి, మళ్ళీ డబ్బాలు ఎక్కించింది.

పెద్దవేలు లేచాడు. కర్ర మడిచి చంకలో పెట్టుకుని, ఎడమచెయ్యి గాలిలోకి చాపి నిలబడ్డాడు. పనివేళ అవుతోంది. వీధిలో అప్పటికే జనం నడుస్తున్నారు. కింద బస్టాపులో మిషన్ ఆయన కూడా ఎక్కే బస్సే వస్తుంది.

సాయంత్రం ఎన్నింటికి వస్తావని రోజూ అడిగే అక్క ఆ పూట అడగలేదు. గుమ్మం దగ్గరికి వచ్చి, తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది. చిన్నకన్ను చెప్పులు వేసుకున్నాడు. చాపిన ఆ మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, ఒక తట్టు తట్టి, గడప దాటాడు.